కొబ్బరి తోట: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఒడిశాలోని మన గంజాం జిల్లా వైపు నుంచి వచ్చినవే తీసుకున్నాను. బాహుదా నది నుంచి రుషికుల్య నది దాకా సముద్రం పక్కన ఉన్నవి ఎక్కువగా ఇసుక నేలలు. కోనసీమ ఒండ్రు నేలకు రాసిన సలహా ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు. ఆ తేడా మనసులో పెట్టుకునే జవాబులు రాశాను.

ప్రశ్న: అక్కా, మాది సోనాపూర్ దగ్గర పల్లె. తిత్లీ తుపానులో మా చెట్లు సగం పోయాయి. మిగిలినవి తేరుకుని కాపుకొచ్చాయి. కానీ రెండేళ్ళ నుంచి కొత్త మట్టలు విచ్చుకునేసరికి కత్తెరతో కత్తిరించినట్టు ఉంటున్నాయి. ఈ ఏడు కుర్రచెట్లు రెండు మొవ్వు వాలిపోయి చచ్చాయి. షాపతను ఏదో మందు ఇస్తే చెట్టంతా కొట్టించాను. గుణం కనిపించలేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక రైతు, సోనాపూర్

జవాబు: తమ్ముడూ, మట్టలు అలా తెగడం కొమ్ము పురుగు పని. మొవ్వులో ముడుచుకుని ఉన్న లేత మట్టను అది అడ్డంగా తొలిచేస్తుంది. ఆ మట్ట తరవాతెప్పుడో బయటికొచ్చి విచ్చుకుంటే ఈనెకు రెండు వైపులా కోత కనిపిస్తుంది. అంటే మీరు ఇవాళ చూస్తున్న దెబ్బ ఇవాళ్టిది కాదు. పురుగు తిని ఎగిరిపోయాక మందు కొట్టించారు. ఇంక గుణం ఎలా కనిపిస్తుంది? ఆ డబ్బు దండగ అయినందుకు నాకూ బాధగానే ఉంది.

చెట్టును కాసేపు వదిలెయ్యండి. తోట చుట్టూ తిరిగి నేల మీద వెతకండి. కొమ్ము పురుగు కొబ్బరి చెట్టు మీద తింటుంది కానీ అక్కడ పుట్టదు. కుళ్ళిన కొబ్బరి మానుల్లో, పెంటకుప్పల్లో, పొట్టు గుట్టల్లో గుడ్లు పెడుతుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు. రెండూ దసరా నవరాత్రుల్లోనే వచ్చి, ఉద్దానం నుంచి గంజాం దాకా ఎన్ని మానులు పడగొట్టాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంటి కప్పే ఎగిరిపోయినవాడు పడిన మానులు తీయించడానికి కూలి, ట్రాక్టరు కిరాయి ఎక్కడి నుంచి తెస్తాడు? అలా గట్ల మీద, కాలవల పక్కన ఉండిపోయినవి, తల తెగి మోడులా నిలబడిపోయినవి కుళ్ళుతూ ఉన్నంత కాలం పురుగుకు పుట్టిల్లే. ఇప్పటికీ కొన్ని తోటల వారన వాటిని చూస్తున్నాను.

అలాంటి మాను ఒకటి మీ దగ్గర గానీ పొరుగువారి దగ్గర గానీ ఉంటే గొడ్డలితో చీల్చి చూడండి. లోపల తడి పొట్టుగా మారిపోయిన చోట బొటనవేలంత లావున తెల్లటి పురుగు వంకర తిరిగి పడుకుని ఉంటుంది. తల ఎర్రటి గోధుమరంగు, వెనక భాగం లోపలి మట్టి కనిపించేంత పల్చని చర్మం. చేత్తో తిప్పినా తొందరపడి పారిపోదు. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేదాకా దానికి సుమారు అయిదారు నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ అది మీకు దొరికే చోటే ఉంటుంది. చెట్టెక్కాక పట్టుకోవడం కష్టం. అందుకే మానును ముక్కలు చేసి ఎండబెట్టి వంటచెరకుగా వాడుకోండి, లేదా ఇటుకల బట్టీకి ఇచ్చెయ్యండి. పొరుగువాళ్ళనూ పిలిచి మాట్లాడండి. మీ ఒక్కరి తోట శుభ్రమైతే చాలదు, ఈ పురుగు రాత్రిపూట ఎగిరి వస్తుంది.

పెంటకుప్పను తీసెయ్యలేం కాబట్టి రెండు మూడు నెలలకోసారి తిరగెయ్యండి. కనిపించిన పురుగుల్ని కోళ్ళకు వెయ్యండి. మెటారైజియం అనే మేలుచేసే బూజు పొడి దొరుకుతుంది. ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నీళ్ళలో కలిపి, కుప్పలో తడి ఉండగా చల్లాలి. దాని వల్ల చచ్చిన పురుగు మీద పచ్చటి పొడి పేరుకుంటుంది. అది కనిపిస్తే మందు పనిచేస్తోందన్న మాట.

ఇక చెట్టు మీద చెయ్యాల్సింది. మొవ్వు దగ్గర కన్నం చూడండి. నమిలిన పీచు తడితడిగా బయటికి పొడుచుకుని ఉంటే పురుగు లోపలే ఉంది. సన్నటి ఇనప కొక్కెం దూర్చి గుచ్చి లాగెయ్యవచ్చు. పీచు ఎండిపోయి ఉంటే అది వెళ్ళిపోయినట్టే, కొక్కెం పెట్టి మొవ్వును కెలకొద్దు. తరవాత పై మూడు మట్టల మొదళ్ళలో వేప పిండి ఒక వంతు, ఇసుక రెండు వంతులు కలిపి నింపండి. ఏడాదికి మూడుసార్లు వెయ్యాలి, అందులో ఒకటి తొలకరికి ముందు. కుర్రచెట్లకైతే ఒక్కో చెట్టుకు మూడు నాలుగు కలరా ఉండలు మట్టల మొదళ్ళలో పెట్టి, పైన సన్న ఇసుక కప్పి, నెలన్నరకోసారి మార్చినా పనిచేస్తుంది.

చచ్చిపోయిన ఆ రెండు కుర్రచెట్ల మాట వేరు. కొమ్ము పురుగు ఒక్కటే చెట్టును చంపడం తక్కువ. అది చేసిన గాయంలోకి ఎర్ర ముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడితే మాత్రం చెట్టు దక్కడం కష్టం. మాను మీద కన్నాలు, వాటి నుంచి గోధుమరంగు జిగురు, నమిలిన పీచు కనిపించాయా? మానుకు చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపించిందా? అయితే అది ముక్కు పురుగే. అవేవీ లేకుండా మొవ్వు లాగగానే ఊడొచ్చి కుళ్ళు కంపు కొడితే మొవ్వు కుళ్ళు తెగులు. ముక్కు పురుగైతే ఆ చెట్లను నిలువునా చీల్చి లోపలివన్నీ కాల్చెయ్యండి, ఊరికే నరికి పడేస్తే పక్క చెట్టుకు పోతాయి. ఇంకో సంగతి: పచ్చి మట్ట నరకాల్సి వస్తే మానుకు ఆనించి నరకొద్దు. నాలుగు అడుగుల మొదలు వదిలి నరికించండి. ముక్కు పురుగు ఆ కోత వాసనకే వస్తుంది. అక్కడ గుడ్లు పెట్టినా వాటి పిల్లపురుగులు మాను దాకా చేరలేవు.

ప్రశ్న: మేడమ్, బరంపురంలో మా ఇంటి వెనక ఒకే ఒక్క కొబ్బరి చెట్టు ఉంది. మా అత్తగారు నాటినది. పూత బాగానే వస్తోంది గానీ పిందెలన్నీ రాలిపోతున్నాయి. పొద్దున్నే పెరట్లో ఊడుస్తుంటే చీపురు నిండా పిందెలే. పాదులో కిలో ఉప్పు వేస్తే నిలుస్తాయని పక్కింటావిడ చెప్పింది. వెయ్యమంటారా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది, మా అత్తగారు ఇప్పుడు లేరు, ఈ చెట్టు పోకూడదు.
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: అమ్మా, పిందె రాలినంత మాత్రాన చెట్టు పోదు. ముందు ఆ భయం తీసెయ్యండి. గెలకు వచ్చే ఆడపూలలో మూడో వంతు కాయలుగా నిలిస్తే అది మంచి చెట్టే. మిగతావి ఎలాగూ రాలతాయి. అసలు ఒక్కటీ నిలవకపోతేనే ఆలోచించాలి.

ఉప్పు వద్దు. సముద్రానికి దూరంగా, లోపలి నేలల్లో కొబ్బరికి ఉప్పు వేసే అలవాటు ఉంది, ఎందుకంటే ఈ చెట్టుకు క్లోరైడ్ అవసరం. మీరు గోపాల్‌పూర్ గాలి పీల్చే ఊళ్ళో ఉన్నారు. పైగా మనం వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లోనే ఆ క్లోరైడ్ ఉంటుంది. ఉప్పు పెట్టే చేత్తో పొటాష్ పెడితే కాయ నిలవడానికి కావలసినదీ అందుతుంది.

మీరు ఉత్తరంతో పంపిన ఫోటో చూశాను. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు చేసేశారు, మానుకు జానెడు దూరం కూడా వదల్లేదు. నా అనుమానం అక్కడే. కొబ్బరికి తల్లివేరు లేదు. నేలలో అడుగు నుంచి నాలుగు అడుగుల లోతులో పరుచుకునే పీచు వేళ్ళే దానికి ఆధారం. తిండి తీసుకునే వేళ్ళు ఎక్కువగా మాను చుట్టూ ఆరడుగుల లోపే ఉంటాయి. వాటికి నీరూ గాలీ రెండూ అందడం లేదు. ఆరడుగులు తవ్వించమని ఇరుకు పెరడులో అడగలేను, కనీసం మూడేసి అడుగులు సిమెంటు పగలగొట్టించండి. వేళ్ళు తెగకుండా చేత్తో మట్టి కదిపి, పశువుల ఎరువు వేసి, పైన ఎండాకులు కప్పండి. వేసవిలో రోజుకు నలభై లీటర్ల నీళ్ళు కావాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు పంపవచ్చు, బ్లీచింగు, ఫినాయిలు కలిసిన బాత్రూం నీళ్ళు వద్దు.

ఎరువు లెక్క: కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి యూరియా కిలో, సూపర్ ఫాస్ఫేట్ రెండు కిలోలు, పొటాష్ రెండు కిలోలు. సగం తొలకరిలో, సగం సెప్టెంబరులో. మానుకు ఆనించి పోయకుండా చుట్టూ చల్లి మట్టిలో కలిపి తడపండి. మొవ్వులో చిన్న ఆకులు విడిపోకుండా ఒకదానికొకటి అతుక్కుని ముడుచుకుని వస్తుంటే బోరాన్ లోపం కూడా ఉన్నట్టు. అప్పుడు మాత్రమే 50 గ్రాముల బోరాక్స్ పాదులో వెయ్యండి. మంచిదని ఎక్కువ వేస్తే విషమవుతుంది.

ఇవన్నీ చేశాక వచ్చే నెలలోనే గెలలు నిండాలని చూడకండి. ఈ ఒక్క మాట మీకే కాదు, చదివే అందరికీ. కొబ్బరిలో గెల రూపుకట్టడం అది మొవ్వులోంచి బయటికి రావడానికి సుమారు 32 నెలల ముందే మొదలవుతుంది. బయటికొచ్చాక కాయ ముదరడానికి ఇంకో 11, 12 నెలలు. ఇవాళ కనిపిస్తున్న పలచటి గెలకు కారణం మూడేళ్ళ కిందటి ఎండాకాలం కావచ్చు. ఇవాళ పోసిన నీటికి పూర్తి ఫలితం కూడా అంతే ఆలస్యంగా కనిపిస్తుంది. పిందె నిలవడంలో కొంత మార్పు మాత్రం ముందుగానే తెలుస్తుంది. ఏడాది చూసి లాభం లేదని కొట్టించేసిన చెట్లు బరంపురం పెరళ్ళలో చాలా ఉన్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మానుకు బట్టల తీగ కోసం మేకులు కొట్టినట్టు కూడా ఫోటోలో ఉంది. తీసేసి ఆ తీగ గోడకు కట్టుకోండి. వేపకో మామిడికో బెరడు పెరిగి గాయం మూసుకుంటుంది. కొబ్బరి మానుకు ఆ గుణం లేదు, పడిన గాయం పడినట్టే ఉండిపోతుంది.

ప్రశ్న: పిన్నీ, నేను సూరత్‌లో మిల్లులో పని చేస్తున్నాను. మాది చికిటి బ్లాకులో తెలుగు ఊరు. తాతగారి ఎకరం నేల ఇసుకలో ఖాళీగా ఉంది. కొబ్బరి వేద్దామని ఉంది. ఏడాదికి రెండుసార్లే ఇంటికి రాగలను, అమ్మ ఒక్కతే చూసుకోవాలి. త్వరగా కాసే పొట్టి రకాలు, హైబ్రిడ్లు వెయ్యమని మిత్రులు అంటున్నారు. మీరేమంటారు?
— ఒక యువకుడు, సూరత్

జవాబు: బాబూ, అంత దూరంలో ఉండి ఊళ్ళో నేల గురించి ఆలోచిస్తున్నావు. మన గంజాం కుర్రాళ్ళు సూరత్‌లో ఎంతమంది ఉన్నారో తెలుసు కాబట్టి నీ ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పొట్టి రకాలు మూడు నాలుగేళ్ళకే కాస్తాయి, నిజమే. కానీ వాటికి నీరు, ఎరువు ఏ నెలా తప్పకూడదు. హైబ్రిడ్లూ అంతే. అంబాజీపేట పరిశోధన కేంద్రం ఇచ్చిన గోదావరి గంగ మంచి రకం, ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకాన్ని గంగాబొండం అనే పొట్టి రకంతో కలిపి చేసినది. బోరు, డ్రిప్పు, చూసుకునే మనిషి ఉన్న రైతుకు నేనే అది చెబుతాను. మీ అమ్మగారు ఒక్కరే ఉన్న ఇసుక నేలకు మాత్రం పొడుగు రకమే వెయ్యి. ఆరేడేళ్ళు ఓపిక పట్టాలి. తరవాత అరవై ఏళ్ళకు తక్కువ కాకుండా కాస్తుంది. ఒక ఏడు నిర్లక్ష్యం జరిగినా తట్టుకుంటుంది. ముదురుకాయ నిలవ ఉంటుంది కాబట్టి నువ్వు ఊరికొచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. బొండాల కోసం ఇష్టమైతే నూతి దగ్గర నాలుగు గంగాబొండాలు పెట్టుకో, అక్కడైతే నీళ్ళు ఎలాగూ పడతాయి.

ఎకరానికి 70 మొక్కలే. చెట్టుకు చెట్టుకు ఇరవై అయిదు అడుగులకు తగ్గకూడదు. మొదటి ఏళ్ళలో తోటంతా బోసిగా కనిపించి, మధ్యలో ఇంకో వరస పెడదామని అనిపిస్తుంది. పెట్టకు. ఆ ఖాళీలో అరటి, కంద, కూరగాయలు వేసుకోమని అమ్మకు చెప్పు. చెట్లు కాపుకొచ్చేదాకా ఖర్చులు వాటి మీదే వెళ్ళాలి. వాటికి పోసే నీరు కొబ్బరికీ అందుతుంది.

మొక్క కొనేటప్పుడు నువ్వే వెళ్ళు. తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసు, అయిదారు ఆకులు, మొదలు చుట్టుకొలత పది సెంటీమీటర్లు ఉండాలి. అందరూ పొడుగాటి మొక్కను ఎత్తుకుంటారు. నీడలో సాగిపోయిన మొక్కా పొడుగ్గానే ఉంటుంది. మొదలు లావుగా ఉండి, ఆకు తొందరగా చీలికలుగా విడిపోయిన మొక్కను తీసుకో, అది ముందు కాపుకొస్తుంది. ఊళ్ళో తెలిసినవాళ్ళ చెట్టు నుంచి విత్తనం తీసుకుంటే ఇరవై ఏళ్ళు దాటి, ఏడాదికి 80 కాయలకు తగ్గకుండా ఏటా నిలకడగా కాస్తున్న చెట్టును చూడు. ఒక్క ఏడు విరగకాసిన చెట్టు వద్దు.

గొయ్యి మూడడుగుల నలుచదరం, మూడడుగుల లోతు. ఇసుక నేలలో నీరు నిలవదు కాబట్టి అడుగున కొబ్బరి డొక్కలు రెండు వరసలు పరచాలి, బోలు వైపు పైకి ఉండేలా. వాన నీరు వాటిలో ఆగి చాలా రోజులు తడి ఉంటుంది. ఇది మన ఒడ్డున మానకూడని పని. పైన మట్టి, పశువుల ఎరువు, వేప పిండి కలిపి సగం నింపి, జూన్‌లో మొదటి వానలు పడ్డాక నాటు. గొయ్యి మొత్తం ఒకేసారి పూడ్చకండి. మొక్క మెడ మట్టిలో మునిగిపోకూడదు, మాను కట్టే కొద్దీ ఏటా కొంచెం మట్టి వేస్తూ రావాలి. గాలికి ఇసుక కొట్టుకొచ్చి మొవ్వులో పడుతుంది, వారానికోసారి అమ్మ దాన్ని తీసేస్తుండాలి. మొదటి రెండు వేసవులు మట్టలు అల్లి నీడ కట్టండి.

సముద్రం వైపు గట్టున మొగలి పొదలుంటే కొట్టించకు. గాలిని ఆపుతాయి. గంజాం మొగలి పువ్వుకు అత్తరు బట్టీలవాళ్ళు ఇచ్చే ధర నీకు తెలిసే ఉంటుంది, కొబ్బరి కాసేదాకా ఆ డబ్బూ అమ్మకు అక్కరకొస్తుంది.

ప్రశ్న: అమ్మా, ఆకుల అడుగున తెల్లటి మైనంలాంటిది గుండ్రంగా చుట్లు చుట్లుగా ఉంది. పై ఆకులు నల్లగా మసి పట్టాయి. ఏ మందు కొట్టాలి?
— ఒక రైతు, ఛత్రపురం

జవాబు: ఏ మందూ కొట్టకండి. అది చుట్లు పెట్టే తెల్లదోమ. 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు కనిపించి అక్కడి నుంచి పాకింది. దాన్ని చంపే చిన్న పరాన్నజీవి ఎన్‌కార్సియా దాని వెంటే వస్తుంది. పురుగుమందు కొడితే ముందు చచ్చేది అదే, తరవాత తెల్లదోమ రెట్టింపవుతుంది. మసి మరీ ఎక్కువైతే గంజి పల్చగా చేసి చల్లండి, ఎండకు పెళుసుబారి రాలిపోతుంది. వానలకు ఉధృతి తగ్గుతుంది. అడుగు మట్టలు నరకొద్దు, పరాన్నజీవులు పెరిగేది ఆ పాత మట్టల మీదే.

ప్రశ్న: అక్కయ్యగారూ, ఏటా అక్టోబరు వస్తోందంటే మా ఇంట్లో భయం. గాలికి బరువు తగ్గుతుందని ముందే మట్టలన్నీ నరికించమని మా మామయ్య అంటారు. తుపాను తరవాత వాలిన చెట్లను నిలబెట్టవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, గోపాల్‌పూర్

జవాబు: మాస్టారూ, మామయ్యగారి భయం అర్థమవుతుంది, ఈ ఒడ్డున ఉన్న ఎవరికైనా ఉంటుంది. కానీ పచ్చిమట్టలు నరికించకండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు ముప్ఫై ముప్ఫై అయిదు మట్టలుంటాయి, ప్రతి మట్ట మొదట్లో ఒక గెల ఉంటుంది. మట్ట తీసేస్తే ఆ గెలకు ఆసరా ఉండదు, తిండి తగ్గుతుంది. పైగా ఇందాక చెప్పిన ముక్కు పురుగుకు ఆహ్వానం. ఎండిన మట్టలు, పీచు తీయించండి. ముదిరిన కాయలు తుపాను కబురు రాకముందే, సెప్టెంబరు ఆఖరుకే దింపించుకోండి. హెచ్చరిక వచ్చాక చెట్టెక్కే మనుషులు దొరకరు, దొరికినా ఆ గాలిలో ఎక్కించడం మహాపాపం.

తుపాను వెలిశాక తల తెగిన చెట్టు మీద ఆశ పెట్టుకోకండి. కొబ్బరికి పెరిగే మొగ్గ ఒక్కటే, అది పోతే పక్క నుంచి చిగురు రాదు. తల తిరిగిపోయినా మొవ్వు పచ్చగా నిలబడి ఉంటే మాత్రం తొందరపడి కొట్టించకండి, రెండు మూడు నెలలు చూడండి. కొత్త మట్ట తోసుకొస్తే బతికినట్టే. విరిగి వేలాడే మట్టలు తీయించి, మొవ్వు కుళ్ళు రాకుండా ఒక శాతం బోర్డో మిశ్రమం మొవ్వు తడిసేలా కొట్టించండి. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు వంద లీటర్లు. రెండిటినీ విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, తుత్తం నీళ్ళను సున్నం నీళ్ళలో పోస్తూ కలపాలి. తయారయ్యాక తుప్పులేని ఇనప చాకు ముంచి తీయండి. చాకు మీద ఎర్రటి రాగిపూత కనిపిస్తే ఇంకా సున్నం పడాలి. ఆ రోజుదే ఆ రోజు వాడాలి, నిలవ పెడితే పనిచెయ్యదు.

వాలిన పెద్ద చెట్టును తాళ్ళు కట్టి నిలువుగా లాగకండి, మిగిలిన వేళ్ళూ తెగుతాయి. వేళ్ళు సగం నేలలో ఉంటే బయటపడిన వైపు మట్టి ఎగదోసి తొక్కించండి చాలు. మాను వాలే ఉంటుంది, తల తనంతట తాను పైకి తిరుగుతుంది. అలా వంగిన చెట్లు ఈ ఒడ్డున ఏళ్ళ తరబడి కాస్తున్నాయి. నాలుగైదేళ్ళ లోపు మొక్కలైతే లేపవచ్చు. వేళ్ళు ఎండిపోకముందే, వారం లోపు లేపాలి. ఒకరు మొదలు దగ్గర మట్టి తవ్వి చోటు చేస్తుంటే ఇద్దరు మెల్లగా ఎత్తాలి. మూడు వైపులా సరుగుడు బొంగులు ఊతం పెట్టి, మానుకు తగిలే చోట గోనెగుడ్డ చుట్టండి, లేకపోతే బొంగు రాపిడికి గాయమవుతుంది. ఆ ఊతాలు వచ్చే వానాకాలం దాకా తియ్యకండి. ఆ ఏడు దానికి రసాయన ఎరువు వద్దు, పశువుల ఎరువూ తడీ చాలు.